కడుపుతో ఉండగా మానడం ఒక ఎత్తు, కాన్పయ్యాక మళ్ళీ ముట్టకపోవడం ఇంకో ఎత్తు

అమ్మా,

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీకు 29 ఏళ్ళు, 11వ వారం నడుస్తోంది. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి రోజుకు ఎనిమిది, పది సిగరెట్లు కాల్చేవారు. కడుపుతో ఉన్నట్టు తెలిశాక మూడుకు దించారు, ఆ మూడే పోవడం లేదు. భర్తకు తెలుసు, అత్తమామలకు తెలియదు, డాక్టరుకు చెప్పలేదు. ఉన్నట్టుండి మానేస్తే బిడ్డకు షాక్ తగులుతుందని స్నేహితురాలు భయపెట్టింది. సోంపేట వైపు సముద్రం పక్క పల్లెలో మీ నాయనమ్మ జీవితమంతా అడ్డపొగ కాల్చి ఏడుగురిని కన్నదట, కాబట్టి ఇదంతా మరీ పెద్దది చేసి చెబుతున్నారేమో అని ఒక అనుమానం. కాన్పయ్యాక అప్పుడప్పుడూ ఒకటి తాగితే ఫరవాలేదా అని చివర్లో అడిగారు. అల్మారాలో చీరల కింద ఒక పెట్టె దాచి ఉంచానని కూడా రాశారు. దాని సంగతి ఆఖర్న చెబుతాను.

నేను ముప్పై ఏళ్ళకు పైగా కాన్పులు చేశాను. మొదటి సగం ఉత్తరాంధ్రలో, తర్వాతి సగం హైదరాబాదులో. రిటైరయ్యాక పొగాకు మాన్పించే ఒక కౌన్సెలింగ్ కేంద్రంలో వారానికి రెండు రోజులు కూర్చుంటున్నాను. నేను చెప్పేది మీ డాక్టరు చెప్పేదానికి బదులు కాదు, ఆవిడతో మాట్లాడటానికి మీకు కొంచెం ధైర్యం రావడానికి.

ముందు మీరు అన్నిటికంటే తొందరగా తెలుసుకోవాల్సిన మాట. మీకు ఆలస్యం కాలేదు. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో తొలిచూలు గర్భిణుల మీద చేసిన ఒక పెద్ద అధ్యయనం 2009లో వచ్చింది. 15వ వారం లోపు పూర్తిగా మానేసిన వారిలో నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ ఉండాల్సినదానికంటే చిన్నదిగా పుట్టడం, ఈ రెండూ అసలు ఎన్నడూ తాగని వారిలో ఎంత ఉన్నాయో అంతే ఉన్నాయి. మీకింకా నాలుగు వారాలుంది. ఇది చదివే వారిలో ఆరో నెల, ఏడో నెల వారుంటే వారూ నిరుత్సాహపడనక్కర్లేదు. బిడ్డ ఒళ్ళు చేసేది ఎక్కువగా చివరి మూడు నెలల్లోనే, ఏ రోజు మానితే ఆ రోజు నుంచి లాభమే.

ఇక ఆ షాక్ మాట. అలాంటిదేమీ లేదు. సిగరెట్ ఒక్కసారిగా ఆపితే చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం మీకు ఉంటాయి, లోపలి బిడ్డకు ఏ హానీ ఉండదు. బిడ్డకు తగిలే షాక్ మీరు వెలిగించిన ప్రతిసారీ తగిలేదే. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది. తల్లి రక్తంలో ఎంత చేరుతుందో బిడ్డ రక్తంలో అంతకంటే ఎక్కువ నిలుస్తుంది. నికోటిన్ రక్తనాళాలను బిగదీస్తుంది, మాయ గుండా బిడ్డ దాకా వెళుతుంది. అంటే వచ్చే రక్తం తగ్గుతుంది, వచ్చిన రక్తంలో ఊపిరీ తగ్గుతుంది. పొగతాగే తల్లుల బిడ్డలు సగటున 200 గ్రాముల దాకా తక్కువ బరువుతో పుట్టేది అందుకే. మాయ ముందే విడిపోయి రక్తస్రావం కావడం, మాయ కిందికి ఉండటం, నెలలు నిండకుండా నొప్పులు రావడం, బిడ్డ కడుపులోనే పోవడం, ఇవన్నీ పొగతాగని వారికీ రావచ్చు, తాగేవారికి ఎక్కువ. ఊరట ఏమిటంటే, ఆపిన ఒకటి రెండు రోజుల్లోనే ఆ విషవాయువు మీ రక్తం నుంచి దాదాపు పూర్తిగా పోతుంది. ఆదివారం మానితే మంగళవారానికి మీ బిడ్డ వేరే గాలి పీలుస్తున్నట్టు.

పది నుంచి మూడుకు దించాను కదా, ప్రమాదం మూడో వంతుకు తగ్గినట్టే కదా అని మీరు అనుకుంటూ ఉంటారు. అలా లెక్క కుదరదు. ఉన్న మూడింటిని మనిషి తెలియకుండానే గట్టిగా, లోతుగా, చివరి దాకా లాగుతుంది. పది తాగినప్పుడు సగంలో ఆర్పేసేవారు, ఇప్పుడు ఆర్పుతున్నారా? మీరే గమనించండి. తగ్గించడం చెడ్డదని కాదు, మీ ప్రయత్నాన్ని తీసిపారేయడమూ కాదు. అది మెట్టు మాత్రమే, మెట్టు మీద కాపురం పెట్టకూడదు. ‘లైట్’ అని రాసినవి, మూలికల సిగరెట్లు అని అమ్మేవి, హుక్కా, వీటిలో ఏదీ మీకు మేలు చేయదు. కాలేది ఏదైనా ఆ విషవాయువు తప్పదు, హుక్కాలో అయితే మరింత.

ఇక డాక్టరుకు చెప్పడం. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మొదటి పదిహేనేళ్ళు నేను గర్భిణులను ఇలా అడిగేదాన్ని: “సిగరెట్లు, పొగాకు లాంటి అలవాట్లేమీ లేవు కదా?” ఆ ‘లేవు కదా’లో జవాబు నేనే ఇచ్చేశాను. ఎదురుగా కూర్చున్న పిల్ల, పక్కన అత్తగారు, ఆ ప్రశ్నకు ఎవరైనా “ఉన్నాయండీ” అంటుందా? ఒకమ్మాయికి ఏడో నెలలో బిడ్డ ఎదుగుదల తగ్గింది. రక్తపోటు చూశాం, థైరాయిడ్ చూశాం, చక్కెర చూశాం, మాయకు రక్తప్రసరణ చూశాం. ఎవరికీ అంతు చిక్కలేదు. కాన్పయిన మూడో రోజు ఎవరూ లేనప్పుడు ఆ అమ్మాయే చెప్పింది, రోజుకు ఆరు, టెర్రస్ మీద. “మీరు లేవు కదా అన్నారు మేడం, ఔనన్నాను” అంది. బిడ్డ బతికింది, ఇప్పుడు కాలేజీలో ఉంది. ఆ మాట మాత్రం నాకు ఇప్పటికీ గుర్తే.

అప్పటి నుంచి ప్రశ్న మార్చాను. అత్తగారిని బయట కూర్చోమని, “ఎన్నడూ తాగలేదా, కడుపని తెలియక ముందే మానేశారా, తెలిశాక మానేశారా, తగ్గించారా, అప్పటిలాగే తాగుతున్నారా?” అని వరసగా చెప్పి, ఒకటి ఎంచుకోమంటాను. అయిదింటిలో ‘తగ్గించాను’ అన్నది చెప్పడానికి అందరికీ నోరు వస్తుంది. అక్కడి నుంచి మాట్లాడవచ్చు. నా సోదర డాక్టర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఖర్చు లేని ఈ మార్పు చేసి చూడండి.

దేశంలో పొగతాగే ఆడవారు నూటికి ఇద్దరే అని 2016-17 జాతీయ సర్వే చెప్పింది. అందుకే డాక్టర్లు అడగరు, అడిగినా ‘లేవు కదా’ అంటారు. అదే సర్వేలో నమిలే, పూసుకునే పొగాకు వాడే ఆడవారు నూటికి పన్నెండు మందికి పైగా ఉన్నారు. వారిని అసలే ఎవరూ అడగరు. ఖైనీ, జర్దా, గుట్కా, పళ్ళకు రుద్దుకునే గుడాకు, పొడుం, ఇవి పొగ రాదు కాబట్టి కడుపులో బిడ్డకు ఏమీ కాదని నమ్మకం. ముంబయిలో 1,217 మంది గర్భిణులను చూసిన అధ్యయనంలో పొగలేని పొగాకు వాడిన తల్లుల బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ తూగారు. నికోటిన్ ఏ దారిన వచ్చినా నికోటినే.

మీ డాక్టరు చికాకు పడితే? పడవచ్చు. చాలామంది ఓ పాఠం చెబుతారు. వినేసి, “ఔనండీ, మానడానికి సాయం కావాలి” అని ఒక్క వాక్యం అనండి. తిట్టడం తప్ప సాయం రాకపోతే డాక్టరును మార్చుకోండి. మార్చుకోవడానికి ఇంతకంటే చిన్న కారణాలు చాలామందికి సరిపోయాయి. అత్తమామలకు చెప్పాలా అన్నారు. అక్కర్లేదనే నా అభిప్రాయం. ఇది ఒప్పుకోలు కార్యక్రమం కాదు. మీకు కావలసింది నిజం తెలిసిన మనుషులు ఇద్దరు: ఒకరు డాక్టరు లేదా కౌన్సెలర్, ఒకరు ఇంట్లో. ఇంట్లో మీ భర్త ఉన్నారు, అంతే చాలు. దాచుకోవడమే మిమ్మల్ని ఆ మూడు సిగరెట్లకు కట్టేసి ఉంచుతోందని నా అనుమానం. పగలంతా నటించి అలిసిపోయిన మనిషికి టెర్రస్ మీది ఆ అయిదు నిమిషాలే నటించనక్కర్లేని సమయం. అది పోతుందనే భయం పొగ పోతుందనే భయం కంటే పెద్దది. ఆ అయిదు నిమిషాలు మీకు మిగలాలి. టెర్రస్ ఉండనివ్వండి, సిగరెట్ లేకుండా.

మీ నాయనమ్మ దగ్గరికి వద్దాం. అడ్డపొగ తెలియనివారి కోసం: చుట్ట వెలిగించి నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా, నిప్పు రవ్వలు పడకుండా అని కారణాలు చెబుతారు. మొదట్లో నేను పనిచేసిన చోట కాన్పుల వార్డు వరండాలోనే ముసలమ్మలు అలా కాలుస్తూ కూర్చునేవారు. అంగిలి ఎలా తెల్లబడి, గట్టిపడి, పుండ్లు పడుతుందో చూడాలంటే పుస్తకం తెరవనక్కర్లేదు, వరండాలోకి వెళితే చాలు. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో పదివేల మందికి పైగా నోళ్ళు పరీక్షించి డాక్టర్లు 1971లో ప్రచురించిన పరిశోధన ఇప్పటికీ ప్రపంచమంతా చదువుతోంది. ఆ అలవాటు ఎక్కువగా ఆడవారిది. వేవిళ్ళు తగ్గుతాయని, పంటినొప్పి పోతుందని, పొద్దున్నే విరేచనం సాఫీగా అవుతుందని కడుపుతో ఉన్న పిల్లలకు పెద్దవాళ్ళే చుట్ట అందించడం నేను కళ్ళారా చూశాను.

‘నాయనమ్మకు ఏమీ కాలేదు’ అన్న మాట మీ దగ్గరే కాదు, నాకు వందసార్లు ఎదురైంది. నేను జవాబు చెప్పను, రెండు ప్రశ్నలు అడుగుతాను. ఆమె ఎంతమందిని కన్నది, ఎంతమంది దక్కారు? పుట్టిన రోజున వారిని తూచినవారు ఎవరైనా ఉన్నారా? మీ నాన్నగారిని అడిగి చూడండి. మా నాయనమ్మ తొమ్మిదిమందిని కన్నది, నలుగురు మిగిలారు. ఆమె చుట్ట తాగేది కాదు, ఆ రోజులే అలాంటివి. చెప్పొచ్చేదేమిటంటే, అంతమంది పోయే రోజుల్లో ఎవరు ఎందుకు పోయారో ఎవరూ లెక్క పెట్టలేదు. కాబట్టి ఆ రోజుల సాక్ష్యం దేనికీ పనికిరాదు, అటూ ఇటూ కూడా. బిడ్డ చిన్నదైతే కాన్పు సులువవుతుందనే మాట కూడా ఆ కోవలోదే. కాన్పు కష్టసుఖాలను బిడ్డ 200 గ్రాములు తేల్చవు. ఆ 200 గ్రాములు లేని బిడ్డ మాత్రం పుట్టాక మొదటి వారమంతా కష్టపడుతుంది.

ఇప్పుడు, ఆ మూడూ ఎందుకు పోవడం లేదు? మీ మనసు బలహీనమైనది కాబట్టి కాదు. గర్భంతో ఉన్నప్పుడు శరీరం నికోటిన్‌ను మామూలుకంటే వేగంగా ఖర్చు చేస్తుంది, ఆ వేగం సగానికి పైగా పెరుగుతుంది. పొద్దున తాగింది ఇదివరకు మధ్యాహ్నం దాకా ఆపేది, ఇప్పుడు పదింటికే అయిపోతోంది. సిగరెట్లు తగ్గించిన వేళనే తలపు ఎక్కువైంది, దానికితోడు వేవిళ్ళు, నిద్రమత్తు, ఆఫీసు. ‘బిడ్డ కోసం కూడా మానలేకపోతున్నాను, నేనేం తల్లిని’ అని మీరు రాసిన వాక్యాన్ని కొట్టేయండి. ఎక్కువ ఖర్చవుతున్న మందు కోసం ఒళ్ళు ఎక్కువగా అడుగుతోంది, అంతే.

మానే పద్ధతి. ఒక రోజు అనుకోండి, పది రోజుల లోపు. ముహూర్తం చూసుకుంటానంటే చూసుకోండి, నాకు అభ్యంతరం లేదు. ముహూర్తం పెట్టుకుని మానినవారు నా దగ్గర బాగానే నిలబడ్డారు, నలుగురికి చెప్పుకునే కారణం దొరికింది కాబట్టి. అమావాస్య, పౌర్ణమి అంటూ నెల దాటించడం మాత్రం కుదరదు. శుక్రవారం అయితే మంచిది. మొదటి మూడు రోజులే గడ్డు, అందులో రెండు ఇంట్లోనే గడిచిపోతాయి. మూడో రోజుకు తీవ్రత శిఖరానికి చేరి, తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సద్దుమణుగుతుంది. ఒక్కో తలపు మూడు నాలుగు నిమిషాలకు మించి ఉండదు. అది వచ్చినప్పుడు ‘ఇక జన్మలో తాగను’ అని శపథాలు చేయకండి. గడియారం చూసి నాలుగు నిమిషాలు గడపండి. నీళ్ళు తాగడం, నాలుగు ఉసిరి ముక్కలో సోంపో నోట్లో వేసుకోవడం, లేచి నడవడం, భర్తకు ఫోన్ చేయడం, ఏదైనా సరే. ఒకావిడ ప్రతిసారీ బియ్యంలో రాళ్ళు ఏరేది. ఆ ఇంట్లో ఆ ఏడాది అన్నంలో ఒక్క రాయి రాలేదని వాళ్ళాయన నవ్వేవాడు.

ఆ మూడు ఏ వేళల్లోవో రాసుకోండి. సాధారణంగా పొద్దున కాఫీ తర్వాత ఒకటి, మధ్యాహ్నం భోజనమయ్యాక ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర ఒకటి, రాత్రి ఒకటి. మూడింటికీ మూడు వేర్వేరు మందులు. మధ్యాహ్నానిది తేలిక: టీ కొట్టుకు వెళ్ళకండి, భోజనం డబ్బా వేరే అంతస్తులో తినండి, ఓ నెల పాటు ఆ స్నేహబృందం దూరమైనా ఫరవాలేదు. పొద్దున్నది కాఫీతో ముడిపడింది, ఇక్కడ చాలామందికి తెలియని ఒక మెలిక ఉంది. పొగ ఒంట్లోని కెఫీన్‌ను త్వరగా విరిచేస్తుంది. పొగ ఆగిందంటే అదే కప్పు కాఫీ ఎక్కువసేపు ఒంట్లో ఉంటుంది. గర్భం కూడా కెఫీన్ పోవడాన్ని ఆలస్యం చేస్తుంది. రెండూ కలిసి గుండెదడ, వణుకు, నిద్రలేమి వస్తాయి. మానేసినందువల్లే ఇలా అవుతోంది, తాగితే పోతుంది అనుకుంటారు. పోవాల్సింది కాఫీ. కడుపుతో ఉన్నవారికి కెఫీన్ రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని ఎలాగూ చెబుతాం. మీరు మానే రోజు నుంచి కాఫీ సగం చేయండి, ఫిల్టర్ కాఫీ గ్లాసుకు బదులు చిన్న కప్పు. రాత్రిదానికి మందు మీ భర్తే, ఆయన సంగతి కింద చెబుతాను.

ఒంటికి అంటించుకునే నికోటిన్ పట్టీలు, నికోటిన్ చూయింగ్ గమ్‌ల గురించి అడిగారు. ఈ విషయంలో ఒక్కో దేశంలో ఒక్కో మాట. బ్రిటన్‌లో కౌన్సెలింగ్‌తో పాటు గర్భిణులకు ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాలు వాడమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఇంగ్లండులో వెయ్యి మందికి పైగా గర్భిణులకు పట్టీలు ఇచ్చి చూసి 2012లో ఫలితాలు వెల్లడిస్తే, ఉత్తుత్తి పట్టీ వేసుకున్న వారికీ వీరికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కానీ వారిలో నెలకు మించి వాడినవారు నూటికి ఏడుగురే. పని చేయలేదా, వాడలేదా అన్నది ఆ లెక్క తేల్చదు. నా పద్ధతి ఇది: ముందు మందు లేకుండా రెండు వారాలు గట్టిగా ప్రయత్నిస్తాం. కుదరకపోతే, మళ్ళీ సిగరెట్లకు వెళ్ళడం కంటే డాక్టరు పర్యవేక్షణలో గమ్ మేలు, ఎందుకంటే అందులో నికోటిన్ ఒక్కటే ఉంటుంది, పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్, తారు ఉండవు. పట్టీ అయితే రాత్రి పడుకునే ముందు తీసేయాలి. గమ్‌ను మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమలకూడదు. నాలుక చురుక్కుమనే దాకా మెల్లగా నమిలి బుగ్గన పెట్టుకోవాలి, చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. మింగితే వాంతులే, వేవిళ్ళున్న వారికి మరీనూ. మందుల దుకాణంలో అడిగితే ఇచ్చేస్తారు, అయినా డాక్టరును అడగకుండా కొనకండి. సిగరెట్ మాన్పించే మాత్రలు, బుప్రోపియాన్, వరెనిక్లిన్ లాంటివి, గర్భిణులకు మేం ఇవ్వం. వేప్‌లు, ఈ-సిగరెట్లు మన దేశంలో 2019 నుంచి చట్టవిరుద్ధం. దొంగచాటుగా దొరికేదాంట్లో ఏముందో అమ్మినవాడికీ తెలియదు.

సిగరెట్ పెట్టె మీద 1800112356 అనే నంబరు ముద్రించి ఉంటుంది. ఇన్నేళ్ళూ దాన్ని చూడకుండా పెట్టె తెరిచారు కదా, ఈసారి చూడండి. పొగాకు మానడానికి ఫోనులో సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ అది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. పేరు చెప్పనక్కర్లేదు, మొహం కనిపించదు. దాచుకుని తాగేవారికి ఇంతకంటే అనువైన మొదటి అడుగు నాకు తెలియదు.

మీ భర్తకు నాలుగు మాటలు. నాయనా, నువ్వు తాగుతావో లేదో ఆ అమ్మాయి రాయలేదు. తాగేవాడివైతే నీతోనే మొదలుపెట్టాలి. ఇంట్లో ఒకరు తాగుతుండగా ఇంకొకరిని మానమనడం తాగుబోతు నీతులు చెప్పినట్టే ఉంటుంది. పైగా నువ్వు వదిలిన పొగ కూడా ఆ బిడ్డకే చేరుతుంది. తాగనివాడివైతే నీ పని ఒకటే, లెక్క అడగకు. “ఈ రోజు ఎన్ని?” అని రోజూ అడిగే మగవాడి భార్య అబద్ధం నేర్చుకుంటుంది. దానికి బదులు, తాగని రోజులకు డబ్బు పక్కన పెట్టు, అది ఆమెదే, దేనికి ఖర్చు చేసిందో అడగకు. నవ్వకు. స్కాట్లండులోని గ్లాస్గోలో 612 మంది గర్భిణులను రెండు గుంపులు చేసి, మామూలు సాయంతో పాటు ఒక గుంపుకు మానితే 400 పౌండ్ల దాకా కొనుగోలు కూపన్లు ఇస్తామన్నారు. కూపన్లున్న గుంపులో నూటికి 22 మందికి పైగా మానేశారు, లేని గుంపులో తొమ్మిదిమంది లోపే. డబ్బు చూపించి తల్లిని మంచిదాన్ని చేస్తారా అని అక్కడ కొందరు విమర్శించారు. నాకైతే అందులో తప్పేమీ కనిపించలేదు. తిట్టు ఉచితం, అయినా దాంతో మానినవారిని నేను చూడలేదు.

మధ్యలో ఒకటి తాగేశారనుకోండి. కొండ మీంచి జారినట్టు మొత్తం కింద పడిపోయానని అనుకుని పెట్టె పూర్తి చేయకండి. ఎక్కడ, ఎవరితో, ఏం జరిగాక అని రాసుకుని, మర్నాడు కాదు ఆ గంట నుంచే మళ్ళీ మొదలు.

ఇప్పుడు మీ చివరి ప్రశ్న, నా దృష్టిలో అసలు ప్రశ్న. కాన్పయ్యాక అప్పుడప్పుడూ ఒకటి తాగితే?

గర్భంతో ఉండగా మానేసిన వారిలో సగానికి పైగా బిడ్డకు ఏడాది నిండే లోపే మళ్ళీ మొదలుపెడతారు. నేను చాలా ఏళ్ళు దీన్ని పట్టించుకోలేదు. కాన్పు అయింది, బిడ్డ మూడు కిలోలుంది, తల్లి మానేసింది, మా పని అయిపోయిందని సంతకం పెట్టి పంపేసేదాన్ని. తర్వాత కౌన్సెలింగ్‌లో కూర్చున్నాక, రెండో కాన్పుకు వచ్చినవారు అదే కథ చెబుతుంటే అర్థమైంది. వారు మానింది బిడ్డ కోసం. బిడ్డ బయటికి వచ్చేసింది, గడువు తీరిపోయింది. తొమ్మిది నెలలు ఒళ్ళు ఇంకొకరికి అప్పిచ్చి తిరిగి తీసుకున్నట్టు ఉంటుంది వారికి. అందుకే నేను ఇప్పుడు ఏడో నెలలోనే అడుగుతాను: “బిడ్డ సంగతి పక్కన పెట్టు, నీకేం కావాలి?” మొదట ఎవరికీ జవాబు ఉండదు. మెట్లెక్కితే ఆయాసం వద్దని ఒకరు, జుట్టుకు ఆ వాసన వద్దని ఒకరు, అబద్ధాలు చెప్పీ చెప్పీ విసుగొచ్చిందని ఒకరు. మీ జవాబు ఏదైనా సరే, మీది అయి ఉండాలి, అందులో బిడ్డ పేరు ఉండకూడదు. సీమంతం లోపు వెతుక్కోండి.

మన పద్ధతుల్లో ఒక అదృష్టం, ఒక ఉచ్చు ఉన్నాయి. అదృష్టం పుట్టిల్లు. మూడు, అయిదు నెలలు అమ్మ దగ్గర, చుట్టూ మనుషులు, బాలింత గది, సిగరెట్ ఊసే ఉండదు. ఆ నెలల్లో మీరు మానేశారని అందరూ అనుకుంటారు, మీరూ అనుకుంటారు. నిజానికి మానేసింది మీరు కాదు, ఆ ఇల్లు. తిరిగి హైదరాబాదు వచ్చి, 26 వారాల సెలవు అయిపోయి, ఆఫీసు మెట్లెక్కి, ఆ టీ కొట్టు ముందు నుంచి నడిచే రోజు మీకు అసలైన మొదటి రోజు. రాత్రి నిద్ర లేదు, పాలు పిండి పెట్టి వచ్చారు, బిడ్డను వదిలి వచ్చినందుకు మనసులో మెలి, మేనేజరు మీ పని ఇంకొకరికి ఇచ్చేశాడు. సరిగ్గా అప్పుడు పాత స్నేహితురాలు “రావే, ఒక్కటి” అంటుంది. ఆ రోజు తేదీ మీ భర్తకు, మీ కౌన్సెలర్‌కు ముందే చెప్పి ఉంచండి. ఆ మధ్యాహ్నం ఒక ఫోన్ వచ్చేట్టు చూసుకోండి. మొదటి వారం టీ కొట్టు దారి వదిలేయండి. నా దగ్గరికి వచ్చినవారిలో తిరిగి జారినవారు ఎక్కువగా జారింది ఆ నెలలోనే.

ఇంకో గుంట, దిగులు. కాన్పయ్యాక రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోవడం, బిడ్డ మీద మనసు పోకపోవడం, బతకాలనిపించకపోవడం ఉంటే అది బాలింత చపలత్వం కాదు, జబ్బు. మందుంది. దాన్ని సిగరెట్‌తో నెట్టుకొచ్చేవారు చాలామంది. డాక్టరుకు చెప్పండి, ఇదైనా దాచకండి.

ఇంత చెప్పినా మొదలుపెట్టేశారనుకోండి. అప్పుడు చేయకూడని మొదటి పని పాలు మాన్పించడం. నికోటిన్ చనుబాలలోకి వస్తుంది, పాలు పడటాన్నీ తగ్గిస్తుంది, నిజమే. అయినా ఆ పాలు డబ్బా పాల కంటే మేలే. తాగితే పాలిచ్చిన వెంటనే, తర్వాతి పాల వేళకు వీలైనంత ముందు. పాలలో నికోటిన్ సుమారు గంటన్నరకు సగమవుతుంది. ఇంటి బయటే, బాల్కనీ తలుపు మూసి. చేతులు, నోరు కడుక్కుని, పైబట్ట మార్చుకుని బిడ్డను ఎత్తుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, తల్లి గానీ తండ్రి గానీ పొగతాగే ఇంట్లో బిడ్డను పక్కలో వేసుకుని పడుకోకూడదు. నిద్రలోనే పసిబిడ్డ కారణం తెలియకుండా పోవడం అనేది అలాంటి పక్కల్లో చాలా ఎక్కువ. మన ఇళ్ళల్లో పక్కలో వేసుకోవడం తరతరాల మాట, అమ్మమ్మలు ఒప్పుకోరు. అదే గదిలో ఉయ్యాల, లేదా మంచం పక్కనే వేరే గట్టి పరుపు. ఇందులో మాత్రం నేను ఎవరితోనూ రాజీపడను.

బీడీలు చుట్టే అమ్మలు నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి ఇది చదవరని తెలుసు. వారి ఇళ్ళల్లో ఎవరైనా చదివితే ఒక్క మాట: తాగకపోయినా పొగాకు దుమ్ము పీల్చడం, పొగాకును చేతులతో తాకడం ద్వారా నికోటిన్ ఒంట్లోకి వెళుతుంది. కడుపుతో ఉన్నవారు చాట ఒళ్ళో పెట్టుకుని గదిలో కాకుండా, గాలి ఆడే వసారాలో కూర్చోవాలి, అన్నానికి ముందు చేతులు సబ్బుతో కడగాలి, పొగాకు నిల్వ ఉన్న గదిలో పడుకోకూడదు. కూలి పోతుంది కాబట్టి పని మానమని చెప్పడం నాకు తేలిక, వారికి కాదు. ఆశా కార్యకర్తలైనా ఈ సంగతి ఒకసారి అడిగితే బాగుండును.

ఇక చీరల కింది పెట్టె. ‘అవసరం పడితే’ అని ఉంచానన్నారు. ఈ రాత్రే తీయండి. చెత్తబుట్టలో వేయకండి, చెత్తబుట్టలో పొడిగా పడి ఉన్నదాన్ని తెల్లవారుజామున రెండింటికి వెతుక్కున్నవారు నాకు చాలామంది తెలుసు, వారిలో ఒకరు ఎనిమిదో నెల గర్భిణి. గిన్నెలో నీళ్ళు పోసి, పెట్టె మీది నంబరు ఫోనులో రాసుకున్నాక, అన్నీ అందులో నానబెట్టి పారపోయండి. లైటర్ మీ భర్తకు ఇచ్చేయండి. 15వ వారం చెకప్ అయ్యాక ఇక్కడే ఒక ముక్క రాయండి, మానినా, మానకపోయినా.